ఐదో గ్లాసు

ఆ… పటేలా, నేనే మాట్లాడేది. టెంటు హౌజ్ జానీమియాను… అవును, ఈ నంబరు నా పెండ్లాం లతీఫాది. మీకు కొట్టి కొట్టి నా సెల్లు చార్జింగంత ఒడిసింది.

…లేదు, టెంటు ఇంక పీకలే.

…జర ఇనుండ్రి పటేలా. టెంటు ముచ్చట తర్వాత. రాజలింగం బాపు పానం మంచిగ లేదు.

…రాజలింగం. రైల్వే గేటుకాడ పనిచేసి దిగిపోయిండు సూడుండ్రి, చేతికర్ర పట్టుకోని నడుస్తడు… ఆ, ఆయనే. పొద్దుగాల మీరు దండలేసిన నలుగుట్ల మొదటాయన.

…ఇంట్ల ఎందుకుంటడు. టెంట్లనే ఉన్నడు. మీరు ఎట్ల కూసోబెట్టి పోయిండ్రో అట్లనే ఉన్నడు. రాజలింగం బాపు, కొమురెల్లి తాత, వెంకట్రాం సారు, తండా కమ్లీ అవ్వ. నలుగురు. ఇప్పుడైతే ఐదుగురు.

…లేవలే. ఎట్ల లేస్తరు? నిమ్మరసం ఎవలిచ్చిండ్రు?

…గదే కదా నేను మొత్తుకునేది. పన్నెండు గంటలకు టీవీల రాష్ట్రం కోసం చేసే సమ్మె వాయిదా అని వచ్చుడు, మీరంత జీపులెక్కి జనగామకు ఉరుకుడు. రఘునాథపల్లి చౌరస్తాల నలుగురు ముసలోల్లు దీక్షల కూసున్నరన్న సంగతే మరిచిండ్రు.

…తప్పు పడ్తలేను. జరిగింది చెప్తున్న. నలభై రెండు దినాలల్ల ఏ ఒక్కనాడు మరువలే మనం. వకీళ్ళు కూసున్ననాడు ఐదు కొట్టంగనే మీరే వచ్చి దండలు తీసి గ్లాసులిచ్చిండ్రు. టీచర్లు కూసున్ననాడు హన్మకొండ కెల్లి పెద్దమనిషిని పిలిపిచ్చిండ్రు. ఆటోలోల్లు కూసున్ననాడు ఫోటోలు గూడ దిగిండ్రు. మాకొక్క దినం ఇయ్యుండ్రి అని ఈ ముసలోల్లు నెల సంది అడుగుతె, ఎవలికన్న ఏమన్నయితె నా మీదికొస్తది అని మీరు దాటేసుకుంట వచ్చిండ్రు. ఆఖరుకు ఇయ్యాల ఇచ్చిండ్రు. ఇయ్యాలనే మరిచిండ్రు.

…నేనియ్యలేదనుకుంటున్నరా? లతీఫా ఐదింటికే నిమ్మకాయలు పిండి పెట్టింది. నేనే పట్టుకపోయిన. రాజలింగం బాపు గ్లాసు చెయ్యితోని జరిపిండు. దండ ఏసినోడే తియ్యాలె, తీసినోడే గ్లాసియ్యాలె అన్నడు.

…మొండితనం కాదు పటేలా. మన దీక్ష పద్ధతే అది. మొదటినాడు మైకుల చదివింది మీరే. దండ ఏసినోల్లు వచ్చి తీసేదాక మంచినీళ్ళు తప్ప ఏది ముట్టద్దు అని. ఆ మైకు పట్టుకున్నది నేను. నాకు మంచిగ యాదికున్నది.

…అయ్యో, గది కాదు పరేషాన్. ఆయనకు షుగరున్నది.

…ఉన్నది. పదేండ్ల సంది ఉన్నది. పొద్దుగాల సూది ఏసుకోని వచ్చి కూసున్నడు. ఎవలు చెప్పినా ఇనలే. మా నలుగురికి ఒక్క దినం దొరికింది, నేను లేకుంటె ఎట్ల అన్నడు. ఇప్పుడు ఐదున్నర దాటింది. చెమటలు కారుతున్నయి. చేతులు వణుకుతున్నయి. మందుల దుకాణం యాసర్ మిషను పట్టుకోని పక్కనే కూసున్నడు. ఇప్పుడే వేలు గుచ్చి చూసిండు. అరవై రెండు.

…తక్కువనే. యాభైకి పడితె తెలివి తప్పుతడు, దాని తర్వాత నా చేతుల లేదు అంటుండు యాసర్.

…కొట్టినం, 108కు కొట్టినం. బండి ఇంకో కేసు మీద పోయిందట. వచ్చేవరకు గంట పట్టచ్చన్నరు. కైసర్ ఆటో తెచ్చి పెట్టిండు. ఎక్కితె కదా. రెక్క పట్టుకుంటె ఇదిలిచ్చుకుంటుండు. నోట్ల చక్కెర పోస్తె ఉమ్మేసిండు.

మీరు జనగామలనే ఉన్నరు కదా. ఇరవై నిమిషాల తొవ్వ. రాండ్రి పటేలా.

…మీటింగు.

…ఇంకెంతసేపు?

…అయితె ఇనుండ్రి. ఆయన ఒక్కటే ముచ్చట అడుగుతుండు. నిమ్మరసం గాదు అసలు సంగతి. రేపటి సంది మేం ఏడ కూసోవాలె అని అడుగుతుండు.

…ఇంట్ల కూసోవాల్నా.

…లేదు, నేను నవ్వలే. ఇది నవ్వే యాల్ల కాదు.

పటేలా, మీరు టెంటు కాడికి పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి వస్తుంటిరి. నడుమ దినమంత ఏం జరిగిందో మీకు తెల్వది. నేను టెంటోన్ని, గుంజల కాడనే ఉంటి. అన్ని చూసిన. మొదాలు అందరికి జంపఖానా పరిచిన. ముసలోల్లు కూసుంటె మల్ల లేవ వస్తలేదు. పెండ్లిళ్ళకేసే చేతుల కుర్చీలు తెచ్చి ఏసిన, పట్టుకోని లేస్తరని. ఆడోల్లు నీళ్ళు తాగుడే బంద్ పెట్టిండ్రు. ఎందుకమ్మా అంటె చెప్పరు. లతీఫా అడిగితె చెప్పిండ్రు, పాయఖాన లేదు కదా అని. మా ఇంటి తలుపు తెరిచిపెట్టింది. మెట్టు ఎత్తుగున్నదంటె స్టేజీ కాడ ఏసే చెక్కమెట్టు తెచ్చి ఆడ పెట్టిన. బస్సులు బందైతె కైసర్ రోజు తండాకు పోయి కమ్లీ అవ్వను ఎక్కిచ్చుకోని వచ్చిండు. వెంకట్రాం సారు పేపరు గట్టిగ చదువుడు, కండ్లు కనవడనోల్లు చుట్టు చేరుడు, మీ పార్టీ మా పార్టీ అని కొట్లాడుకునుడు. ఇంట్ల ఎవలు కొట్లాడుతరు వాళ్ళతోని?

…చెప్పనియ్యుండ్రి. ఒక్క నిమిషం. ఇరవయ్యో దినమనుకుంట. పది దాటినా కొమురెల్లి తాత కుర్చీ ఖాళీగనే ఉన్నది. వెంకట్రాం సారు పేపరు మడిచిపెట్టి, కొమురెల్లి ఏడి అన్నడు. కైసర్ పోయి చూసిండు. తానం చేసే కాడ జారి పడి ఉన్నడు. కొడుకు కోడలు తెల్లారకముందే పత్తి చేనుకు పోయిండ్రు. టెంటు లేకుంటె మాపటిదాక ఎవలు చూడకపోదురు పటేలా. కుర్చీ ఖాళీ ఉన్నదని బతికిండు ఆయన.

…ఆ, గదే. లైబ్రరీ అర్రనే అడుగుతున్నరు.

…ఎవలు నేర్పుతరు? నేనా? నాకెందుకు పటేలా రాజకీయం. నేను గుంజలు పాతేటోన్ని. సద్దుల బతుకమ్మనాడు మీరే అన్నరు. ఊరందరు ఉండంగ, మైకుల అన్నరు. ఈ కొట్లాటల మన పెద్దోల్లే ముందున్నరు, ఇది అయినంక లైబ్రరీ అర్ర పెద్దోల్లకే ఇస్తం, దినమంత కూసోని పేపరు చదువుకోవచ్చు అన్నరు. సప్పట్లు కొట్టిండ్రు అందరు. రాజలింగం బాపు చేతికర్ర పక్కన పెట్టి మరీ కొట్టిండు.

…మాటవరసకు అన్నరా.

…వాళ్ళు మాటవరసకు ఇనలే మరి.

…ఎరికే, అండ్ల మీ యూరియా బస్తలున్నయి. మోటరు పైపులున్నయి. మూడేండ్ల సంది ఉన్నయని ఊరందరికి ఎరికే. ఎవలన్న అన్నరా? ఇప్పుడు గూడ బస్తలు తియ్యమంటలేరు. ఓ మూలకు జరిపితె చాలన్నరు. అర్రకు మెట్లు లేవు. ఎనుక పాయఖాన ఉన్నది, బోరింగు ఉన్నది. చౌరస్తాలనే ఉన్నది, ఎవలన్న రాకుంటె తెలుస్తది. గంతకంటె ఏమడిగిండ్రు?

…ఒక్క నిమిషం. లైన్లనే ఉండుండ్రి.

ఏంది పోలీసు సారూ? …తాడు ముట్టకుండ్రి. ఆ తాడు ఇప్పుతె నడిమి గుంజ ఆ అవ్వ మీద పడ్తది. …పటేలతోని మాట్లాడుతున్న, ఆయన చెప్తె నేనే ఇప్పుత. …ఆగుండ్రి, నేను ఏడికి పోత.

…ఆ పటేలా. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చిండ్రు. సమ్మె లేదు కదా, చీకటి కాకముందు రోడ్డు ఖాళీ చెయ్యాలని ఎస్సై చెప్పిండట. రేపు పెద్దవంగరల నిఖా ఉన్నది నాకు, ఇదే టెంటు పోవాలె. ట్రాలీ ఆటో వచ్చి నిలవడ్డది. డ్రైవరు హారను కొడుతుండు.

…పీకెయ్యమంటున్నరా?

…మీద నీడ పోతె వాళ్ళే లేస్తరు అంటున్నరా.

…

పటేలా, నేను నలభై ఏండ్ల సంది టెంట్లు కడుతున్న. మీ పెండ్లికి కట్టిన. మీ బాపు దినాలకు కట్టిన. మీ కొడుకు అజిత్ పుట్టు ఎంట్రుకలకు కట్టిన. కూసున్నోల్ల మీదికెల్లి ఒక్కసారన్న టెంటు పీకలే. చివరాఖరు మనిషి తిని, చెయ్యి కడుక్కోని పోయినంకనే తాడు ముట్టుకున్న. మా నాయిన నేర్పిన పద్ధతి అది. ఇయ్యాల నాతోని కాదు.

…తియ్యను.

…ఏమన్నరు?

…మీ ఇంటి పనులకు ఇగ పిలువరా. మీ చుట్టాలకు గూడ చెప్తరా.

…మంచిది. పిలువకు. నువ్వు పిలువకుంటె నేను సావను. ఈడ మనిషి సస్తుండు, నువ్వు టెంటు గురించి మాట్లాడుతవా? దండ ఏసెటప్పుడు కాళ్ళు మొక్కితివి కదా ఆయనకు, ఫోటో దిగితివి కదా—

…

…మాఫ్ చెయ్యుండ్రి. నోరు జారిన. చిన్నప్పుడు మిమ్ముల నా సైకిల్ మీద ముందట కూసోబెట్టుకోని తిప్పిన, గా నోరే వచ్చింది. మాఫ్ చెయ్యుండ్రి పటేలా.

…హలో. ఉన్నరా?

…ఆ.

…అంటే… ఐదోది ఎవలంటె… ఒక ముసలామె. మీరు పోయినంక వచ్చి కూసున్నది. దండ లేదు. నలుగురిని ఇడిసిపెట్టి పోయిండ్రని తెలిసి వచ్చింది. కుర్చీ జరుపుకోని రాజలింగం బాపు పక్కన కూసున్నది.

…పేరెందుకు పటేలా. ముసలోల్లల్ల ఒక ముసలామె.

…చెప్పద్దని మాట తీసుకున్నది. నేను చెప్ప. ఆమె కోసం రావద్దన్నది. రాజలింగం కోసం వస్తె రానియ్యుండ్రి, లేకుంటె లేదు అన్నది.

యాసర్? ఏంది? …ఎంత?

…యాభై ఒకటి. పటేలా, యాభై ఒకటికి వచ్చింది.

…బాపూ. రాజలింగం బాపూ, ఇటు సూడు. నేను జానీని. …గేటు ఏసుడయ్యింది బాపూ. రైలు పోయింది. ఇది గేటు కాదు, టెంటు. …ఆ, జెండా ఉన్నది, నా చేతుల ఉన్నది, పరేషాన్ కాకు.

పటేలా, ఆయన మతిల లేడు. గేటు కాడ డ్యూటీల ఉన్న అనుకుంటుండు. పండ్లు బిగబట్టిండు. లతీఫా, పానీ లా, జల్దీ. మొకం తుడువు.

అవ్వా, కూసో. నువ్వు లేవకు. …జర ఆగు అవ్వా, నేను మాట్లాడుతున్న కదా. ఆయన నోటికెల్లి రానియ్యి. …కొంగు ఇడువు. ఆగు.

…ఏం లేదు పటేలా, ఆ ముసలామెనే. లేచి నిలవడ్డది.

ఇప్పుడు మీరొచ్చినా ఇరవై నిమిషాలు పడ్తది. ఇరవై నిమిషాలు ఈడ లేవు. ఒక్క మాట ఇయ్యుండ్రి.

…వచ్చే వారం చూద్దామంటె ఆయన చెవులకు ఎక్కదు. వచ్చే వారం అన్న మాట వాళ్ళు పుట్టినకాడి సంది ఇంటున్నరు. ఇప్పుడే చెప్పాలె. నలుగురు ఇనంగ చెప్పాలె.

…ఎట్లంటె, రోజు చెప్పినట్టే. మీరు వరంగల్ కెల్లి, హైదరాబాద్ కెల్లి ఫోన్ల ఉపన్యాసాలిస్తె నేను ఈ సెల్లును మైకుకు పెట్టి ఊరికి ఇనిపియ్యలేదా? కరెంటు లేకున్నా మైకు బ్యాటరీ మీద నడుస్తది. పెడుతున్న. మీరు మాట్లాడుండ్రి.

…భయపడకుండ్రి. ఇంతమంది ముందట అన్న మాటనే కదా, మల్లొక్కసారి అనుండ్రి.

…హలో, మైక్ టెస్ట్. హలో. …అన్నలారా, అవ్వలారా, జర సప్పుడు చెయ్యకుండ్రి. సంజీవ పటేల జనగామ కెల్లి మాట్లాడుతుండు. డ్రైవరు తమ్మీ, హారను బంద్ పెట్టు. …రాజలింగం బాపూ, కండ్లు తెరువు. పటేల గొంతు ఇను.

…మాట్లాడుండ్రి పటేలా.

…

…

పటేలా. పటేలా, ఆగుండ్రి. నేను ఫోన్ చెవికి పెట్టుకున్న. ఇది ఉపన్యాసం పటేలా. వృద్ధుల త్యాగాలు, తగు సమయంల పరిశీలన… గిది గాదు. ఆయన తల అడ్డం ఊపుతుండు. కండ్లు మల్ల మూసిండు. పరిశీలన గిరిశీలన వద్దు. మా ఇంటి ముందట నిలవడి నాతోని మాట్లాడినట్టు మాట్లాడుండ్రి. అర్ర పేరు చెప్పుండ్రి. ఎప్పుడు తీస్తరో చెప్పుండ్రి. గంతే.

…ఆలోచన చేసుకుంటున్నరా.

…యాసర్ మల్ల గుచ్చుతుండు పటేలా.

…ఆ.

…ఆ, పెడుతున్న. ఇగో పెట్టిన.

…

…

…ఇన్నరా? అందరు ఇన్నరా? లైబ్రరీ అర్ర. ఇయ్యాలనే. ఇప్పుడే. పటేల నోటితోని చెప్పిండు. రాజలింగం బాపూ, ఇన్నవా? …ఏమంటున్నవు? జర గట్టిగ అను.

…పటేలా, ఒక్కటే అడుగుతుండు. రేపొద్దుగాల మల్ల తాళమేస్తడా అని.

…ఎయ్యరట బాపూ. ఎయ్యరట. నేనున్న కదా సాచ్చెం. ఊరంత ఉన్నది.

తాళంచెవి ఏడున్నది పటేలా? ఎవలి కాడ ఉన్నది?

…ఇంట్ల.

…అమ్మ కాడ.

…వద్దు. ఇంటికి మనిషిని తోలకుండ్రి. …వద్దంటున్న కదా, ఇంట్ల ఎవలు లేరు ఇప్పుడు.

…పటేలా, కోపానికి రాకుండ్రి. చెవి ఈడనే ఉన్నది. మీ అమ్మ కొంగుముడిల ఉన్నది. ఐదో కుర్చీల కూసున్నది ఆమెనే.

…హలో.

…హలో, పటేలా. లైన్ల ఉన్నరా?

…అవును. సుశీలమ్మనే.

…ఇయ్యాల గాదు. పదహారో దినం సంది వస్తున్నది. మధ్యాహ్నం అన్నం తిన్నంక ఎనుక గల్లీల పడి మా ఇంటికి వచ్చేది. టెంటుకు, మా ఇంటికి నడుమ తెర కట్టిన కదా, ఆ తెర ఎనుక లతీఫా కుర్చీ ఏసేది. ముందటికి రాకపోయేది, పటేలోల్ల ఇంటామె గిట్ల కూసున్నదని మీకు చిన్నతనమయితదని. ఆడ కూసోనే వెంకట్రాం సారు పేపరు చదివితె ఇనేది. కమ్లీ అవ్వ, ఆమె మస్తు దోస్తులయిండ్రు. ఒకలకు ఒకలు జడలేసుకుంటరు.

…ఎందుకు చెప్పలేదంటె ఏం చెప్పాలె. మీరు అడగలే. ఇరవై ఆరు దినాలు మధ్యాహ్నం ఇంటికి తాళమేసి పోయింది మీ అమ్మ. ఎటు పోతున్నవని మీరు ఒక్కనాడన్న అడిగిండ్రా?

…తప్పు పడ్తలేను. ఉద్యమం పనులు మీయి.

…చెవి పొద్దుగాల సంది ఆమె కాడనే ఉన్నది. నేనే అన్న, అవ్వా, తీసి ఇయ్యి, బాపు గ్లాసు తాగుతడని. ఏమన్నదో తెలుసా? నేను చాటుగ తీసిస్తె రేపు ఆడొచ్చి మల్ల తాళమేస్తడు జానీ, ఆడు నలుగురు ఇనంగ చెప్పాలె అన్నది. ఇందాక యాభై ఒకటి అనంగనే ఆమె ఆగలే, ముడి ఇప్పుతుంటె నేనే ఆపిన. ఆపి తప్పు చేస్తున్ననా అనుకున్న పటేలా. ఇంకొక్క గడియ అయితె నేనే ఆ తాళం పలగ్గొడుదు.

…లేచింది. పోతున్నది. కమ్లీ అవ్వ రెక్క పట్టుకున్నది. ఇద్దరు రోడ్డు దాటుతున్నరు. కానిస్టేబులు బండ్లను ఆపుతుండు, మంచోడే ఉన్నడు. …తాళం తుప్పు పట్టింది. తిరుగుతలేదు. …కానిస్టేబులు చెవి తీసుకున్నడు. …తిప్పుతుండు.

…వచ్చింది. వచ్చింది పటేలా, తలుపు తెరిచిండ్రు. ఈడిదాక వస్తున్నది యూరియా వాసన.

రాజలింగం బాపూ, సూడు. అటు సూడు, తలుపు తెరిచిండ్రు. …కనవడుతున్నదా? …ఆ, ఇగ దండ తీద్దామా?

…ఏసినోడే తియ్యాలెనంటుండు మల్ల. ఫోన్ల ఎట్ల తీస్తరు పటేలా, చెప్పుండ్రి.

…అమ్మనా? మీ దిక్కు కెల్లి అమ్మ తీస్తదా? …అడుగుత. బాపూ, కొడుకు ఏసిన దండ తల్లి తీస్తె చెల్లుతదా? …చెల్లుతదట. కొడుకు తీసినదానికంటె ఎక్కువనేనట. మతి వచ్చినట్టే ఉన్నది ఆయనకు.

లతీఫా, గ్లాసు ఇటియ్యి. చక్కెర ఇంకింత కలుపు. …సుశీలమ్మ మల్ల ఇటొచ్చి దండ తీసింది. గ్లాసు నోటికి పట్టింది పటేలా. …తాగుతుండు. మెల్లగ, బాపూ. మెల్లగ తాగు, ఎవలు గుంజుకోరు. …సగం ఒడిసింది.

…ఆ, మొత్తం తాగిండు.

…నాకు ఏడుపొస్తున్నది పటేలా, ఏమనుకోకుండ్రి. మా నాయిన పోయిననాడు గూడ గిట్ల రాలే.

…యాసర్ పావుగంట ఆగి మల్ల చూస్త అంటుండు. ఇప్పుడైతె కండ్లు తెరిచిండు, ఇంకో గ్లాసు అడుగుతుండు. 108 వస్తె దవాఖానకు తోలుకపోతం, కైసర్ ఎంబడి పోతడు. బాపు ఎక్కుతనన్నడు. రేపు మల్ల తీసుకొచ్చి దించాలెనట.

…కొమురెల్లి తాత తాగిండు. వెంకట్రాం సారు తాగిండు. కమ్లీ అవ్వ తాగుకుంటనే అర్ర ఊడుస్తున్నది, ఆపితె ఆగుతలేదు.

…మీ అమ్మనా.

…తాగలే.

…ఇచ్చిన. లతీఫా గూడ ఇచ్చింది. గ్లాసు మీద సాసరు మూతపెట్టి ఒళ్ళ పెట్టుకున్నది. పొద్దుగాల సంది ఆమె గూడ ఏం తినలే. …లేదు, షుగరు లేదు. పానం మంచిగనే ఉన్నది.

…ఎందుకంటె నన్నెందుకు అడుగుతున్నరు? నలుగురికి మీ దిక్కు కెల్లి ఆమె ఇచ్చింది. ఆమెకు ఎవలియ్యాలె?

…రమ్మంటలేదు. రావద్దనీ అంటలేదు.

…బయలెల్లుతున్నరా? …మీటింగు?

…మంచిది.

…టెంటు పీకుతున్న. అటు దిక్కు గుంజలు ఇప్పుతున్నరు మావోల్లు. చేతుల కుర్చీలు ట్రాలీల ఎయ్యనియ్యలే నేను, లైబ్రరీ అర్రకు తోలిన. పెద్దవంగరోల్లు ఇనుప కుర్చీల కూసుంటరు తియ్యుండ్రి, ఒక్క పూటకేంది. ఒక్క గుంజ, ఒక్క పర్దా ఉంచుతున్న. ఆమె మీదిది. ఆఖరు మనిషి లేచినంకనే ఇప్పుత.

…ఏమన్నవు అవ్వా? …ఆ, మీ కొడుకే. వస్తుండు. …ఫోన్ ఇయ్యాల్నా?

…మాట్లాడదట పటేలా. మీకు ఒకటి చెప్పుమంటున్నది. బండి నడుపుకుంట ఫోన్ మాట్లాడే అలవాటు మీకు ఉన్నదట. పెట్టెయ్యమంటున్నది.

…ఆ. పెట్టేస్తున్న.